బత్తాయి తొక్కల వెండి, ఎదిగే మెదడు కణాలు: ఒక్క ఎంటీటీ సరిపోతుందా?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా రాస్తాను, ఇది చదివే మిగతావాళ్లకూ అర్థం కావాలి కదా. మీరు నల్లగొండలో పీహెచ్‌డీ చేస్తున్నారు. బత్తాయి తొక్కల రసంతో వెండి నానో రేణువులు తయారు చేశారు. వాటిని ఎస్‌హెచ్-ఎస్‌వై5వై (మనిషి నాడీ కణితి నుంచి తీసి ల్యాబ్‌లో పెంచే కణాలు) మీద వేసి, మిల్లీలీటరుకు 10 నుంచి 200 మైక్రోగ్రాముల దాకా డోసులు పెట్టి, 24 గంటల తర్వాత ఎంటీటీ, అంటే కణాలు బతికున్నాయా అని రంగుతో చెప్పే పరీక్ష, చేశారు. కణాలు పెద్దగా చావలేదు. 'ఎదిగే నాడీకణాలకు సురక్షితం' అని పేపర్ రాద్దామని మీ గైడ్ అంటున్నారు, మీకేమో మనసొప్పడం లేదు. దగ్గర్లో యానిమల్ హౌస్ లేదు, ఉన్నది ఒక చిన్న కల్చర్ రూమ్. ఇంకో టెన్షన్ కూడా ఉంది. మీ అక్కకు ఆరో నెల, ఇంట్లో వెండి కలిపిన ఫిల్టర్ నీళ్లు తాగుతోంది, మాన్పించాలా అని అడిగారు.

మనసొప్పకపోవడమే సరైనది తమ్ముడూ. ఆ ఎంటీటీతో ఆ మాట రాయడానికి వీల్లేదు. మీ ప్రయోగం తప్పని కాదు. అది జవాబు చెప్పే ప్రశ్న వేరు, మీరు అడిగే ప్రశ్న వేరు. నేను ఇరవై ఏళ్లకు పైగా హైదరాబాద్‌లో కణాల మీద విషపరీక్షలు చేస్తున్నాను. నాకు తెలిసినంత చెప్తాను, కాస్త పెద్దదవుతుంది.

తెలుగులో పార్టికల్‌నూ సెల్‌నూ రెండింటినీ కణం అనే అంటాం. కలగాపులగం కాకుండా వెండివాటిని రేణువులనీ, ప్రాణమున్నవాటిని కణాలనీ రాస్తాను.

మాది నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లున్న మర్రిగూడ వైపు. మా అమ్మ ఇరవై ఏళ్ల వయసులో పాలమూరు నుంచి, కృష్ణ ఒడ్డు ఊరి నుంచి కోడలిగా వచ్చింది. పెద్దవయసు దాకా ఆమె పళ్లు తెల్లగా బియ్యపు గింజల్లా ఉండేవి. అదే బోరు నీళ్లు తాగి పెరిగిన మా అన్నదమ్ములందరికీ పళ్ల మీద గోధుమరంగు చారలు. ఒకే బావి, ఒకే బిందె. తేడా ఎక్కడుంది? పంటి మీద ఎనామెల్ తయారయ్యేది చిన్నతనంలోనే, దాదాపు ఎనిమిదేళ్ల లోపు. ఆ పని జరుగుతున్నప్పుడు ఫ్లోరైడ్ ఎక్కువగా చేరితే పన్నుకు మచ్చ పడుతుంది. పన్ను తయారైపోయాక అదే నీళ్లు ఎన్నేళ్లు తాగినా ఆ మచ్చ రాదు. మా అమ్మకు పళ్లు దక్కాయి గానీ మోకాళ్లు, నడుము బిగుసుకుపోయాయి. ఎముక జీవితాంతం తనను తాను కట్టుకుంటూనే ఉంటుంది కాబట్టి దానికి తప్పించుకునే వయసంటూ లేదు.

నేను టాక్సికాలజీ పుస్తకం తెరవకముందే నేర్చుకున్న పాఠం ఇది. ఎంత అనేదొక్కటే కాదు, ఎప్పుడు అనేది కూడా డోసులో భాగమే. మెదడు విషయంలో ఇది ఇంకా గట్టిగా నిజం. జపాన్‌లో మినమాటా జబ్బు 1956లో బయటపడినప్పుడు, పాదరసం చేరిన చేపలు తిన్న తల్లుల్లో కొందరికి పైకి పెద్ద లక్షణాలే లేవు. వాళ్ల కడుపున పుట్టిన పిల్లల మెదడు మాత్రం తీవ్రంగా దెబ్బతింది. సీసం సంగతీ అంతే, పెద్దవాళ్లు తట్టుకునే మోతాదు పిల్లల బుర్రను దెబ్బతీస్తుంది.

లోహపు నానో రేణువుల గురించి ఈ భయం ఊరికే పుట్టలేదు. 2009లో జపాన్ శాస్త్రవేత్తలు చూడి ఎలుకలకు టైటానియం డయాక్సైడ్ నానో రేణువులను చర్మం కింద ఇస్తే, పుట్టిన పిల్లల మెదడులో అవి కనిపించాయి. 2016లో మెక్సికో సిటీ, మాంచెస్టర్ మనుషుల మెదడు నమూనాల్లో మాగ్నటైట్ అనే ఇనుప ఆక్సైడ్ నానో రేణువులు దొరికాయి, వాటి గుండ్రటి ఆకారం చూసి బయటి కాలుష్యం నుంచి వచ్చినవని తేల్చారు. మెదడులోకి దారి ఉందన్నది ఇక కొట్టిపారేసే మాట కాదు. ఎంత వెళ్తుంది, వెళ్లి ఏం చేస్తుంది అన్నదే అసలు పని.

ఇప్పుడు మీ కణాల దగ్గరికి వస్తాను. ఎదిగే నాడీకణం చెయ్యాల్సిన పనులు చాలా ఉంటాయి. విభజన కావాలి, తన చోటికి నడిచి వెళ్లాలి, కొమ్మలు వెయ్యాలి, అందులో ఒకటి ఆక్సాన్ (సంకేతాన్ని పంపే పొడవాటి కొమ్మ) కావాలి, మిగతావి డెండ్రైట్లు (సంకేతాన్ని అందుకునే కొమ్మలు) కావాలి, పక్కవాటితో సైనాప్స్ అనే కలయిక కట్టాలి. అవసరం తీరినవి వాటంతటవే చనిపోవాలి కూడా. ఎంటీటీ వీటిలో దేన్నీ నేరుగా చూడదు. పసుపు రంగు ఉప్పును కణం తన జీవక్రియతో ఊదారంగు ఫార్మజాన్‌గా మారుస్తుంది, ఆ రంగును మీరు 570 నానోమీటర్ల దగ్గర కొలుస్తారు. కణం బతికుందా, దాని కొలిమి మండుతోందా అన్నంతవరకే అది చెప్తుంది. నారు చావలేదు కాబట్టి పంట పండినట్టే అని ఏ రైతైనా అంటాడా?

ఎలుక పిండం మెదడు నుంచి తీసిన న్యూరాన్లను మైక్రోస్కోప్ కింద మొదటిసారి రోజుల తరబడి చూసినప్పుడు నాకు మా పెరటి బీరతీగ గుర్తొచ్చింది. మొదటి కొన్ని గంటలు కణం గుండ్రంగా, అంచున పల్చటి పొర ఆడిస్తూ ఉంటుంది. తర్వాత నాలుగైదు పొట్టి మొలకలు వేస్తుంది. ఒకటి ఒకటిన్నర రోజుకు వాటిలో ఒక మొలక మిగతావాటిని వదిలేసి ఉరుకుతుంది, అదే ఆక్సాన్. దాని కొసన గ్రోత్ కోన్ అనే చిన్న చెయ్యి ఉంటుంది. బీరతీగ కొస పందిరి కర్ర కోసం గాలిలో తడుముకుంటుందే, అచ్చం అలాగే అది వేళ్లు చాపుతూ, ముడుస్తూ, దారి వెతుకుతుంది. ఆ వేళ్ల లోపల ఆక్టిన్ అనే ప్రొటీన్ పోగులు క్షణక్షణం కట్టుకుంటూ విడిపోతూ ఉంటాయి. వెండి రేణువులు కణాన్ని చంపని మోతాదులోనే ఈ ఆక్టిన్ పోగుల మీద పడతాయని ప్రయోగాల్లో కనిపించింది. కొస ముడుచుకుపోతుంది, కొమ్మ పొట్టిదవుతుంది, కొన్నిచోట్ల పూసలు గుచ్చిన దారంలా ఉబ్బుతుంది. ఆ రోజు ఎంటీటీ చేస్తే మాత్రం కణాలు దాదాపు అన్నీ బతికే ఉన్నాయని రావచ్చు.

అందుకే మీరు కొలవాల్సింది కొమ్మల్ని. దానికి మీ దగ్గరున్న వసతి చాలు. ఎస్‌హెచ్-ఎస్‌వై5వై అనేది ఒక నాలుగేళ్ల పాప ఎముక మజ్జలోకి పాకిన కణితి నుంచి తీసిన కణాల సంతతి. ఫ్లాస్క్‌లో ఊరికే పెరిగేటప్పుడు అది నాడీకణం కాదు, కణితి కణమే. దాని మీద నేరుగా రేణువులు వేసి 'నాడీకణం' అని రాయడం మొదటి పొరపాటు. రెటినోయిక్ యాసిడ్ (విటమిన్ ఎ నుంచి వచ్చే ఆమ్లం) 10 మైక్రోమోలార్ వేసి, సీరం (కణాలకు ఆహారంగా కలిపే రక్తపు తేట) 1 శాతానికి తగ్గించి, అయిదారు రోజులు ఉంచితే కొమ్మలు వేస్తుంది. రెటినోయిక్ యాసిడ్‌కు వెలుతురు పడదు, ట్యూబుకు అల్యూమినియం ఫాయిల్ చుట్టండి. లేదా పీసీ12 అనే కణాలు తెచ్చుకోండి. అది ఎలుక అడ్రినల్ కణితి నుంచి 1976లో వచ్చిన లైన్, ఎన్‌జీఎఫ్ (నాడిని పెంచే ప్రొటీన్) మిల్లీలీటరుకు 50 నుంచి 100 నానోగ్రాములు ఇస్తే కొమ్మలు వేస్తుంది. ఖరీదంతా ఎన్‌జీఎఫ్‌దే. రెండు లైన్లూ పుణెలోని నేషనల్ సెంటర్ ఫర్ సెల్ సైన్స్ నుంచి తెప్పించుకోవచ్చు. పక్క ల్యాబ్‌లో అడిగి తెచ్చుకున్న పేరులేని ఫ్లాస్క్‌తో థీసిస్ మొదలుపెట్టకండి. మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా చేరిన కణాల మీద తీసిన ఏ అంకెనూ నేను నమ్మను.

ఈ ప్రయోగాన్ని రెండుసార్లు, రెండు వేళల్లో చెయ్యండి. ఒక సెట్‌లో కొమ్మలు వెయ్యడం మొదలయ్యే రోజే రేణువులు వెయ్యండి. రెండో సెట్‌లో కొమ్మలు పూర్తిగా వేసాక, అయిదో రోజో ఆరో రోజో, అదే మోతాదు వెయ్యండి. మొదటి సెట్ దెబ్బతిని రెండోది నిలబడితే ఆ రేణువు కొమ్మల పెరుగుదలను ఆపుతోందని అర్థం. రెండూ ఒకే మోతాదులో దెబ్బతింటే అది మామూలు విషమే, ఎదుగుదలతో ప్రత్యేకించి పనిలేదు. రెండో సెట్ మాత్రమే దెబ్బతింటే, తయారైన కొమ్మను నిలబెట్టే వ్యవస్థ మీద పడుతోందన్నమాట. 'ఎదిగే' అన్న మాట మీ పేపర్ టైటిల్‌లో ఉండాలంటే ఈ రెండు సెట్లూ ఉండి తీరాలి. మా అమ్మ పళ్లూ మా పళ్లూ పక్కపక్కన పెట్టి చూసినట్టు.

కొమ్మ అంటే ఏమిటో ముందే రాసిపెట్టుకోండి. కణం వెడల్పు కంటే పొడవున్నదాన్నే కొమ్మగా లెక్కిస్తాం అని కొందరు, రెండింతలు ఉండాలని కొందరు పెట్టుకుంటారు. ఏదైనా సరే, ఫొటోలు తియ్యకముందే నిర్ణయించుకుని దానికే కట్టుబడండి. నాడీకణం కొమ్మల్ని పట్టిచూపే బీటా-3 ట్యుబులిన్ యాంటీబాడీ కొనే స్తోమత ఉంటే స్టెయిన్ చెయ్యండి, లేకపోతే రంగు వెయ్యకుండా తీసే ఫేజ్ కాంట్రాస్ట్ ఫొటోలు చాలు. లెక్కపెట్టేవాళ్లకు ఏ ఫొటో ఏ మోతాదుదో తెలియకూడదు. మీ హాస్టల్ స్నేహితుడితో ఫైళ్ల పేర్లు మార్పించండి. మనం కోరుకున్న జవాబు వైపు కన్ను తనంతట తానే వాలుతుంది, ఎంత నిజాయితీపరుడికైనా.

ఇక నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. నేను కొత్తగా చేరిన ల్యాబ్‌లో వేపాకు రసంతో చేసిన వెండి రేణువుల మీద నాలుగు నెలలు ఎంటీటీ చేశాను. మోతాదు పెరిగే కొద్దీ వయబిలిటీ, అంటే బతికున్న కణాల శాతం, పెరుగుతోంది, నూటికి నూట పద్దెనిమిది దాకా వచ్చింది. వెండి కణాలకు మేలు చేస్తోందని అక్కడి పెద్దలు గ్రాఫ్ కూడా గీయించారు. ఒక సాయంత్రం ఎందుకో రంగు కొలిచే ప్లేట్ రీడర్‌లో పెట్టేముందు మైక్రోస్కోప్ కింద పెట్టి చూశాను. ఎక్కువ మోతాదు వెల్స్‌లో (ప్లేట్‌లోని చిన్న గుంటల్లో) కణాలు ముడుచుకుని, ఊడిపోయి, తేలుతున్నాయి. రంగు మాత్రం చిక్కటి ఊదా. మర్నాడు కణాలే లేని వెల్స్‌లో మీడియం (కణాలు పెరిగే ద్రవం), రేణువులు, ఎంటీటీ మాత్రమే వేసి మూడు గంటలు ఉంచాను. అవీ ఊదారంగుకు తిరిగాయి. ఆకు రసంలోని పాలీఫినాల్స్ ఎంటీటీని కణం సాయం లేకుండానే మార్చేస్తున్నాయి. దానికి తోడు వెండి రేణువులు గుంపులు కట్టినప్పుడు వాటి రంగు కూడా రీడింగ్‌లో కలుస్తోంది. నాలుగు నెలల నోట్‌బుక్ పక్కన పెట్టేశాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అంకెలు పోయినందుకు కాదు, ఆ గ్రాఫ్ బయటికి వెళ్లి ఉంటే ఎవరో ఒకరు దాన్ని నమ్మేవారు కదా అని.

బత్తాయి తొక్కలోనూ ఫ్లేవనాయిడ్లు, విటమిన్ సి దండిగా ఉంటాయి. కాబట్టి మీ 200 మైక్రోగ్రాముల దగ్గర కణాలు బాగున్నాయన్న మాటను నేను ఇప్పటికిప్పుడు నమ్మలేను. ముందు కణాలు లేని ప్లేట్ వెయ్యండి. రీడింగ్ వచ్చిందంటే ఎంటీటీని వదిలెయ్యండి, లేదా మీడియం తీసేసి రెండుసార్లు బఫర్‌తో కడిగాక ఎంటీటీ వెయ్యండి. చివర్లో ఫార్మజాన్ కరిగిన ద్రవాన్ని సెంట్రిఫ్యూజ్ చేసి, పై తేటను కొత్త ప్లేట్‌లోకి మార్చి చదవండి. ఎల్‌డీహెచ్ (చచ్చిన కణం నుంచి బయటికి కారే ఎంజైమ్‌ను కొలిచే పరీక్ష) చేస్తే ఈ బాధ తప్పుతుందని అనుకోవద్దు. వెండి, రాగి అయాన్లు ఎల్‌డీహెచ్ ఎంజైమ్‌నే పని చెయ్యకుండా చేస్తాయి, టైటానియం డయాక్సైడ్ దాన్ని తన ఒంటికి అతికించుకుంటుంది. కణాలు చచ్చినా రీడింగ్ తక్కువే వస్తుంది. అన్నిటికంటే నమ్మదగింది న్యూక్లియస్‌లకు హెక్స్ట్ రంగు వేసి లెక్కపెట్టడం. శ్రమ ఎక్కువే, కానీ కంటితో చూసిందే లెక్క.

డోసు గురించి కాస్త నిదానంగా చెప్పాలి, ఎక్కువమంది తప్పు ఇక్కడే చేస్తారు. మన జిల్లా పేరుతో 'నల్లగొండ టెక్నిక్' ఉంది, 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. ఫ్లోరైడ్ నీళ్లలో సున్నం, పటిక వేసి కలిపితే తెల్లటి తుట్టెలు కట్టి, ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కి దిగుతాయి. చిన్నప్పుడు మా ఊళ్లో ఆ బకెట్లు చూశాను. కలిపిన పది నిమిషాలకు నీళ్లంతా మబ్బు, గంట తర్వాత పైన తేట, అడుగున మడ్డి. మీ కల్చర్ ప్లేట్‌లో జరిగేది దీనికి దగ్గరి చుట్టమే. డిస్టిల్డ్ వాటర్‌లో విడివిడిగా తేలిన రేణువులు మీడియంలో పడగానే అందులోని ఉప్పులు వాటి మధ్య వికర్షణను తగ్గించేస్తాయి, సీరంలోని ప్రొటీన్లు పైన పొరలా అంటుకుంటాయి. గుంపు కట్టినవి మెల్లగా అడుక్కి దిగుతాయి. అడుగున ఉన్నది ఎవరు? మీ కణాలే. మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాములు అని మీరు రాస్తున్నది పైన పోసిన నీటి లెక్క. కణం మీద పడ్డ మడ్డి లెక్క వేరు.

ఒక చిన్న గుణకారం చేసి చూడండి. 96 వెల్ ప్లేట్‌లో 100 మైక్రోలీటర్లు పోస్తారు, వెల్ అడుగు 0.32 చదరపు సెంటీమీటర్లు. మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాముల ద్రావణమైతే వెల్‌లో మొత్తం 1 మైక్రోగ్రాము. అంతా దిగితే చదరపు సెంటీమీటరుకు సుమారు 3.1 మైక్రోగ్రాములు. అదే ద్రావణం 6 వెల్ ప్లేట్‌లో 2 మిల్లీలీటర్లు పోస్తే, 9.5 చదరపు సెంటీమీటర్ల మీద 20 మైక్రోగ్రాములు, అంటే సుమారు 2.1. ఎంటీటీ 96 వెల్‌లో, ఫొటోలు 6 వెల్‌లో తీసి రెంటికీ ఒకే డోసు అని రాస్తే అది ఒకే డోసు కాదు. అందుకని రెండు యూనిట్లూ రాయండి. రేణువు సైజు కూడా రాయండి, డిస్టిల్డ్ వాటర్‌లో కొలిచింది కాదు, మీ మీడియంలో, 37 డిగ్రీల దగ్గర, సున్నా గంటకూ 24 గంటలకూ డీఎల్ఎస్‌లో (కాంతి చెదిరే తీరుతో సైజు చెప్పే యంత్రంలో) కొలిచింది. పరిమాణం మారితే అంతా మారుతుంది. 20 నానోమీటర్ల వెండి రేణువులు 1 మైక్రోగ్రాములో దాదాపు 2,300 కోట్లు ఉంటాయి. 100 నానోమీటర్లవి అయితే అదే బరువుకు 125 రెట్లు తక్కువ. తూకం ఒక్కటే, కణాన్ని తాకేవాటి లెక్క ఎక్కడికెక్కడికో పోతుంది.

డీఎల్ఎస్, టెమ్ (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) మీ దగ్గర లేకపోతే హైదరాబాద్‌లో నమూనాకు ఇంత అని తీసుకుని చేసిపెట్టే చోట్లు ఉన్నాయి. గైడ్ లెటర్‌తో వెళ్లండి. దీన్ని వాయిదా వెయ్యొద్దు.

వెండికి ఇంకో మాయ ఉంది. అది మీడియంలో కొంచెం కొంచెం కరిగి వెండి అయాన్లు వదులుతుంది. కనిపించిన దెబ్బ రేణువుదా, అయాన్‌దా? దీనికి జవాబు లేకుండా 'నానో ప్రభావం' అన్న మాటే రాయకూడదు. రేణువుల్ని మీడియంలో 24 గంటలు ఉంచి, 3 కిలోడాల్టన్ల సెంట్రిఫ్యూజ్ ఫిల్టర్ గుండా వడకట్టి, కిందికి దిగిన ద్రవంలో వెండి ఎంతుందో ఐసీపీ-ఎంఎస్‌లో (అతి తక్కువ లోహాన్నీ కొలిచే యంత్రంలో) చూపించండి. అంతే వెండి ఉండేలా సిల్వర్ నైట్రేట్ వేసిన సెట్ ఒకటి పక్కన పెట్టండి. జింక్ ఆక్సైడ్, కాపర్ ఆక్సైడ్ అయితే ఈ గొడవ ఇంకా ఎక్కువ, అవి వెండి కంటే బాగా కరుగుతాయి. బంగారం కరగదనే చెప్పాలి. మీ సందర్భంలో తొక్కల రసం మాత్రమే వేసిన కంట్రోల్ ఇంకొకటి కావాలి. చివరిసారి సెంట్రిఫ్యూజ్ చేసినప్పుడు పైన మిగిలిన ద్రవాన్ని పారబొయ్యకుండా దాన్నీ ఒక కంట్రోల్‌గా వెయ్యండి. పాజిటివ్ కంట్రోల్‌కు, అంటే దెబ్బ తప్పకుండా కనిపించాల్సిన పోలికకు, కోల్చిసిన్ తక్కువ మోతాదులో వాడండి. అది కొమ్మను లోపల నిలబెట్టే మైక్రోట్యూబుల్స్‌ను కూల్చి కొమ్మల్ని కచ్చితంగా తగ్గిస్తుంది. దానికీ మీ కొలత స్పందించకపోతే ఇంక మీ కొలతను ఎవరు నమ్ముతారు?

చిన్న చిన్నవి కొన్ని గబగబా చెప్పేస్తాను. రేణువుల్ని ఆటోక్లేవ్ చెయ్యకండి, గుంపు కడతాయి. 0.22 మైక్రాన్ల ఫిల్టర్ గుండా పంపితే సగం ఫిల్టర్‌కే అంటుకోవచ్చు, తర్వాత మళ్లీ కొలవాలి. మొదటి నుంచీ స్టెరైల్ నీళ్లతో, శుభ్రమైన గాజుసామానుతో చెయ్యడమే మేలు. తొక్కల రసంతో బ్యాక్టీరియా ఎండోటాక్సిన్ (వాటి గోడలోని విషం) వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి దాన్ని పట్టే ఎల్ఏఎల్ పరీక్ష చేయించండి. రేపు మైక్రోగ్లియా అనే మెదడు రక్షక కణాల మీదికి వెళ్తే అది లేకుండా ఏ ఫలితమూ నిలవదు. ప్రైమరీ న్యూరాన్లు (జంతువు మెదడు నుంచి నేరుగా తీసినవి) వాడే అవకాశం వచ్చి ఆక్సిడేటివ్ స్ట్రెస్ చూస్తే, వాటి మీడియంలో కలిపే బీ27 సప్లిమెంట్‌లోనే యాంటీ ఆక్సిడెంట్లు ఉంటాయని గుర్తుంచుకోండి, అవి లేని రకం వేరే దొరుకుతుంది. ఎండాకాలం మన దగ్గర ప్లేట్ అంచు వెల్స్ ఎండిపోతాయి, అంచు వరుసల్లో బఫర్ మాత్రమే పోసి లోపలి 60 వెల్స్ వాడండి. ఒకే ప్లేట్‌లో ఆరు వెల్స్ వేసి 'ఎన్ సమానం 6' అని రాయడం మన యూనివర్సిటీల్లో బాగా అలవాటైపోయింది, అది తప్పు. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు పాసేజ్ (ఒక ఫ్లాస్క్ నుంచి ఇంకో ఫ్లాస్క్‌కు మార్చిన విడత) కణాలతో, కొత్తగా కలిపిన రేణువులతో మూడుసార్లు చేస్తేనే మూడు.

ఎలుకలు లేవని దిగులు పడకండి. ఎలుకల మీద ఎదిగే మెదడు పరీక్షకు ఓఈసీడీ (పరీక్షా పద్ధతులు నిర్ణయించే దేశాల కూటమి) 2007లో ఇచ్చిన 426 నంబర్ గైడ్‌లైన్ ఉంది గానీ, అది చూడి తల్లుల దగ్గర మొదలై పిల్లలు పెద్దయ్యేదాకా నెలల తరబడి సాగే పని, ఎథిక్స్ కమిటీ అనుమతి లేనిదే ముట్టుకోకూడదు. అన్ని రసాయనాలకూ అలా చెయ్యడం కుదరదనే కణాలతో చేసే పరీక్షల సముదాయం మీద 2023లో ఓఈసీడీ మార్గదర్శకం తెచ్చింది. అందులో కొమ్మల పెరుగుదల ఒక ముఖ్యమైన కొలత. అంటే మీ చిన్న కల్చర్ రూమ్‌లో చెయ్యగలిగే పనికి విలువుంది. ఇంకో మెట్టు ఎక్కాలనుకుంటే జీబ్రా చేప పిండాలు చూడండి, అక్వేరియంలో ఉండే నీలి చారల చిన్న చేపే. 26 డిగ్రీల దగ్గర, 96 గంటల పరీక్ష. గుడ్డు పారదర్శకంగా ఉంటుంది, మెదడు కట్టుకోవడం కంటికే కనిపిస్తుంది. ఒకటే జాగ్రత్త, రేణువుల గుంపులు గుడ్డు పై పొరకు అంటుకుని లోపలికి వెళ్లకపోవచ్చు. లోపల వెండి ఎంతుందో కొలవకుండా 'ఏమీ కాలేదు' అని రాయకూడదు. అయితే మీ వీలునుబట్టి ముందు కొమ్మల పరీక్షను పూర్తిగా, బాగా చెయ్యండి. సగం చేసిన మూడింటి కంటే అదే నయం.

మోతాదులు మిల్లీలీటరుకు 0.1 మైక్రోగ్రాము నుంచి మొదలుపెట్టి 10 దాకా పెట్టండి. 200 ఎందుకు వద్దంటున్నానో మీ అక్క ప్రశ్నకు చెప్పే జవాబులోనే ఉంది. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం వెండి లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదు. మీ యూనిట్‌లోకి మారిస్తే మిల్లీలీటరుకు 0.1 మైక్రోగ్రాము. నీళ్లలో ఉన్న వెండిలో పేగులు దాటి రక్తంలోకి వెళ్లేది చిన్న భాగమే, ఆపైన మాయ (ప్లాసెంటా), బిడ్డ మెదడు గోడ దాటాలి. మీ ప్లేట్‌లోనేమో ఏ అడ్డమూ లేకుండా కణం నెత్తి మీద, ఆ నీళ్ల కంటే రెండు వేల రెట్లు పోస్తున్నారు. అలా చేసి చచ్చాయని రాసినా, చావలేదని రాసినా, మీ అక్కకు పనికొచ్చే మాట ఒక్కటీ రాదు. 0.1 దగ్గర, వారం పాటు, కొమ్మలు ఏమవుతున్నాయో చూస్తే మాత్రం ఆమె అడిగిన దానికి కొంతైనా దగ్గరికి వెళ్తారు.

అక్కకు ఈ మాటలు చెప్పండి. నీళ్లలో వెండి ఆ ప్రమాణం లోపే ఉంటే ఆ ఫిల్టర్ చూసి పెద్దగా భయపడాల్సిన పనిలేదు, క్యాట్రిడ్జ్ మాత్రం కంపెనీ చెప్పిన గడువుకు మార్పించాలి. కానీ వెండి ఉన్నది సూక్ష్మక్రిములను ఆపడానికి, అది ఫ్లోరైడ్‌ను తియ్యదు. మరిగించినా ఫ్లోరైడ్ పోదు. ఆమె ఉండే ఊళ్లో ఫిల్టర్‌లో పోస్తున్నవి బోరు నీళ్లయితే నాకు ఎక్కువ ఆందోళన అక్కడే. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లకూ, పిల్లల తెలివితేటలు తగ్గడానికీ సంబంధం ఉందని అమెరికా నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ 2024లో చెప్పింది. తమకు ఓ మోస్తరు నమ్మకముందని వాళ్ల మాట. కాబట్టి భగీరథ నల్లా నీళ్లు వస్తుంటే అవే తాగమనండి, బోరు నీళ్లు తప్పకపోతే ఒక సీసాలో పట్టి ఫ్లోరైడ్ పరీక్ష చేయించండి. మిగతాది చూసే డాక్టరమ్మను అడగాలి.

గైడ్‌తో ఎలా మాట్లాడాలన్నారు. 'సురక్షితం' అన్న మాట తప్పు అని గొడవకు దిగకండి. కణాలు లేని వెల్స్ ప్లేట్ వేసి, ఊదారంగు కనిపిస్తే ఆ ప్లేట్‌నే పట్టుకెళ్లి బల్ల మీద పెట్టండి. ఏ గైడైనా కంటికి కనిపించినదాన్ని కాదనరు. పేపర్ టైటిల్‌లో ఏ కణం, ఏ రోజు, ఎంత మోతాదు, ఏం కొలిచారు అన్నవే ఉంచండి. 'ఎస్‌హెచ్-ఎస్‌వై5వై కణాల్లో కొమ్మల పెరుగుదలపై మిల్లీలీటరుకు 0.1 నుంచి 10 మైక్రోగ్రాముల వెండి రేణువుల ప్రభావం' అంటే చాలు. చప్పగా ఉందని గైడ్ అనొచ్చు, అన్నా సరే అదే ఉంచండి.

చివరిగా, కొత్త కణాలు హైదరాబాద్ నుంచి బస్సులో తెచ్చుకుంటానన్నారు, అదీ మే నెలలో. గాలి రంధ్రం లేని మూతతో టీ-25 (25 చదరపు సెంటీమీటర్ల) ఫ్లాస్క్ తీసుకుని మీడియం మెడ దాకా, బుడగ లేకుండా నింపించండి. లోపల గాలి ఉంటే కుదుపులకు నురగ వచ్చి కణాలు ఊడిపోతాయి. మూత చుట్టూ పారాఫిల్మ్ చుట్టి, జిప్ కవర్‌లో పెట్టి, థర్మోకోల్ డబ్బాలో మామూలు చల్లదనపు నీళ్ల సీసాలు రెండు పక్కన పెట్టండి, ఐస్ వద్దు. ఆ వంద కిలోమీటర్లకు రెండున్నర గంటలు పడుతుంది. పొద్దున ఆరింటి బస్సుకే దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కండి, డబ్బా ఒళ్లోనే పెట్టుకోండి. కణాలకు చలి కంటే నలభై దాటిన ఎండ ప్రమాదం. ల్యాబ్‌కు రాగానే ఫ్లాస్క్‌ను అలాగే ఇంక్యుబేటర్‌లో పెట్టి రెండు గంటలు ముట్టుకోకండి. తర్వాత ఎక్కువ మీడియం తీసేసి ఒక శుభ్రమైన సీసాలో దాచుకోండి, పారబొయ్యొద్దు. మూత వదులు చేసి రాత్రంతా ఉంచండి. మర్నాడు పొద్దున మైక్రోస్కోప్ కింద కణాలు అడుక్కి అంటుకుని కనిపిస్తే, అప్పుడు మొదటిసారి మీడియం మార్చండి.